పండ్లతోటలకు పక్షుల బాధ – నివారణోపాయములు
(ఉపన్యాసము)



మొక్క నాటి, పాదు తీసి, నీరు పోసి, మూడు నాలుగేండ్లు బిడ్డవలె పెంచిన తోట కాపునకు వచ్చి, ఫలము చేతికందుటకు పది దినములు ముందుగా పక్షుల పాలగుటకంటె రైతునకు వేరొక దుఃఖము లేదు. తెగులునకు మందు గలదు గాని యెగిరివచ్చు దొంగకు మందు లేదని పలువురు నిరాశ చెందుదురు. ఈ నిరాశ తగదు. ఉపాయములు గలవు, అయితే వానిని వేళకు, క్రమముగా నాచరింపవలయును.

మొదట దొంగ యెవరో తెలిసికొనవలయును. పచ్చికాయలు సగము కొరుకబడి చెట్టుక్రింద తునుకలై పడియున్నచో అది రామచిలుకల పని. చిలుక తినునది కొంచెము, పాడుచేయునది మెండు. పండిన జామ, ద్రాక్షలయందు ముక్కుతో పొడిచిన రంధ్రము లున్నచో పిగిలిపిట్టగాని గోరువంకగాని వచ్చినదని యెరుగవలెను. ఉదయమున చెట్టుక్రింద రసము పీల్చి యుమిసిన పిప్పి కానవచ్చినచో అది రాత్రి తిరుగు గబ్బిలముల కార్యము. దానికి పగటి కాపలా పనికిరాదు.

ఇక నుపాయములు:

1. సకాలమున కోయుట. జామ, మామిడి కోసిన పిదపకూడ పండును. కావున జామకాయ ముదురాకుపచ్చ వన్నె వీడి లేత పసుపునకు తిరుగగనే తొడిమతో కోయవలెను. మామిడిచెట్టున ఒకటి రెండు కాయలు తమంతట పండి రాలినచో, తక్కిన ముదిరిన కాయలను కోసి గడ్డిలో మాగవేయవచ్చును. ద్రాక్ష, దానిమ్మలకు ఈ సూత్రము చెల్లదు. కోసిన పిమ్మట వానికి తీపి పెరుగదు గనుక చెట్టుననే కాపాడవలెను.

2. సంచులు కట్టుట. దానిమ్మకాయ నిమ్మకాయంత కాకమునుపే పలుచని గుడ్డసంచి తొడిగి మూతి బిగింపవలెను. కాగితపు సంచిని చిలుక చింపగలదు; గుడ్డ మేలు. దీనివలన కాయతొలుచు పురుగు బాధయు తగ్గును. పెరటిలో నాలుగైదు చెట్లు గలవారికి ఇదియే సులభమార్గము.

3. వల కప్పుట. ద్రాక్షపందిరికి వలకంటె మంచి రక్షణ లేదు. వలకన్ను ముప్పాతిక అంగుళమునకు మించరాదు. వలను కొమ్మలపై పడవేయక, గుంజలు నాటి, యెడముగా బిగువుగా కట్టి, అంచులను నేలకు అదిమి యుంచవలెను. వదులుగా నున్న వలలో పక్షులును పాములును చిక్కి చచ్చును.

4. బెదరించుట. చిలుకలు తెల్లవారుజామునను, సాయంకాలమునను గుంపులుగా వచ్చును. ఆ రెండు వేళలయందు మంచెపై మనిషి యుండి, అవి వ్రాలకముందే డబ్బా వాయించి, కేకలు వేసి తోలవలెను. ఒకసారి రుచి మరిగిన గుంపును మరలించుట కష్టము. దిష్టిబొమ్మయు, తళుకు రిబ్బనులును కొన్నాళ్లే పనిచేయును. పక్షి వానికి అలవాటుపడును. కావున మూడు నాలుగు దినముల కొకసారి చోటును, విధమును మార్చవలెను. ఒక్క రైతు తోలిన గుంపు పొరుగు తోటలో దిగును. ఇరుగుపొరుగువారు కలిసి కాపలా యేర్పరచుకొన్న అందరి ఫలమును దక్కును.

విషము పెట్టుట మాత్రము కూడదు. అది పసులకును పిల్లలకును ప్రాణాపాయకరము. రామచిలుకను పట్టుట, చంపుట 1972 వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము. మరియు పండు పొడుచు గోరువంకయే సంవత్సరములో అధికకాలము మిడుతలను, పురుగులను తిని పైరునకు మేలుచేయును. ఇప్ప, బూరుగు పూవులకు పుప్పొడి చేర్చునది గబ్బిలమే.

కావున పక్షిని చంపుట గాదు, పండును దాచుట రైతు నేర్పు. రానున్న కాపునకు వలయు గుడ్డసంచులు, గుంజలు, వల పిందె దిగకమునుపే సిద్ధపరచుకొన్న రైతునకు శ్రమఫలము ఇల్లు చేరును.