అల్గిర్దాస్ గ్రేమాస్ సాహిత్యజీవితము

సాహిత్యవిమర్శకు శాస్త్రప్రతిష్ఠ కల్పింపఁ బూనిన ఇరువదవ శతాబ్ది పండితులలో లిథువేనియా జాతీయుఁడైన అల్గిర్దాస్ గ్రేమాస్ అగ్రగణ్యుఁడు. రష్యాలోని తులా నగరమున 1917లో జన్మించి, కౌనస్‌లో న్యాయశాస్త్రమును, ఫ్రాన్సుదేశపు గ్రెనోబుల్‌లో భాషాశాస్త్రమును అభ్యసించిన యీతఁడు, 1943లో సెర్వాంటిస్ రచించిన డాన్ క్విక్సోట్‌ను గూర్చి మాతృభాషలో వ్యాసము వ్రాసి విమర్శరంగమునఁ బ్రవేశించెను. మరుసటి యేఁట, సోవియట్ సేనలు తిరిగి వచ్చుచుండఁగా స్వదేశమును వీడి ఫ్రాన్సు చేరి, 1830 నాఁటి వేషధారణకు సంబంధించిన పదజాలమును పరిశోధించి డాక్టరు పట్టమందెను. పిదప ఈజిప్టునందలి అలెగ్జాండ్రియాలో బోధించుచు ఫ్రెంచి విమర్శకుఁడు రోలాఁ బార్త్ మైత్రిని సంపాదించెను.

1966లో వెలువడిన తన ప్రధానగ్రంథమున, రష్యను పండితుఁడు ప్రోప్ అద్భుతకథలలో గుర్తించిన పాత్రవిభాగమును మథించి, కర్త-లక్ష్యము, ప్రేషకుఁడు-గ్రహీత, సహాయకుఁడు-విరోధి యను మూఁడు జంటలుగా ఆఱు భూమికలను నిర్ణయించెను. ఈ దృష్టిలో భూమిక వహించుటకు మనుష్యుఁడే యుండనక్కఱలేదు. ఒక యుంగరము సహాయకుఁడు కావచ్చును, ఒక భయము విరోధి కావచ్చును.

ఫ్రెంచిభాషలో శాస్త్రమును నిర్మించుచునే స్వభాషను విడువక, లిథువేనియా పురాణగాథలపై 1979లో ఒక గ్రంథమును ప్రకటించెను. 1992లో పారిస్‌లో దివంగతుఁడైన యీ మహనీయుని కౌనస్‌లో సమాధి చేసిరి. కథయందు అర్థ మెట్లు పుట్టుచున్నదని యడుగుట విమర్శకుల కాతఁడు నేర్పిన విద్య.