ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి?

(స్వర్ణోత్సవ సభలో పూర్వ వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

మీలో చాలామందికి తలలు నెరిశాయి. అయినా నాకు మీరు పిల్లలే.

"ఆటల మీద ఓ పావుగంట మాట్లాడండి సార్" అన్నారు సంఘం వాళ్లు. డ్రిల్లు సారుకు మైకు ఇస్తే ఏమవుతుందో తెలిసి కూడా ఇచ్చారు. చేతిలో ఈల లేదు కాబట్టి మీరు బతికిపోయారు.

పోయిన వానాకాలంలో నాకో ఫోను వచ్చింది. ఎల్లారెడ్డి అవతల ఒక పల్లె నుంచి వచ్చి, ఇక్కడ కామారెడ్డిలో హాస్టల్లో ఉండి మన బళ్లో చదువుకున్న అమ్మాయి. నా దగ్గర కబడ్డీ నేర్చుకున్న చివరి బ్యాచుల్లో ఒకతి. ఎడమ మూలలో నిలబడి కాలు పట్టిందంటే ఇక వదిలేది కాదు. ఇప్పుడు హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ రగ్బీ ఆడుతోంది.

"సారు, నన్ను వింగుల పెట్టిండ్రు. బంతి నా దాక వస్తలేదు. ఊకె నిలబడి వస్తున్న. ఈ ఆటకు నేను పనికిరానేమో. ఇడిసిపెడదామనుకుంటున్న."

"రెండు దినాలు ఆగు బిడ్డా, మల్ల మాట్లాడుకుందాం" అన్నాను. ఎందుకు ఆగమన్నానంటే, వింగు అంటే ఎక్కడో నాకు తెలియదు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నాకు చేతివేళ్లలాంటివి. రగ్బీ అంటే మాత్రం టీవీలో బురదలో పడి లేచే మనుషుల ఆట అనే తెలుసు. మా మనవడి ఫోను తీసుకుని, రెండు రోజులు కళ్లు నొప్పి పుట్టేదాకా చూశాను.

చూసినకొద్దీ నాకు ముచ్చటేసింది. అసలు రగ్బీలో జట్టుకు పదిహేను మంది. వీపు మీది నంబరే వాడు నిలబడే చోటు. ఒకటి నుంచి ఎనిమిది దాకా ముందువరుస వాళ్లు. బరువైనవాళ్లు, ఎదుటి జట్టును భుజాలతో నెట్టేవాళ్లు. తొమ్మిది నుంచి పదిహేను దాకా వెనకవాళ్లు. బంతి అందుకుని పరుగెత్తేవాళ్లు. పదకొండు, పద్నాలుగు నంబర్లు మైదానం రెండు అంచుల్లో ఉంటాయి. అదే వింగు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. కాబట్టి నడుమ ఉన్నవాళ్ల చేతులన్నీ దాటితేగాని అంచులో ఉన్న మనిషికి బంతి చేరదు. మన దగ్గర ఎక్కువగా ఆడేది దీని చిన్న తమ్ముడు, ఏడుగురి రగ్బీ. ముగ్గురు ముందు, నలుగురు వెనక. ఏడేసి నిమిషాల రెండు భాగాలు. 2025లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ పెట్టినప్పుడు హైదరాబాద్ హీరోస్ పేరుతో మన జట్టూ ఆడింది. అది కూడా ఏడుగురి ఆటే. ఏడుగురు అనగానే నా ప్రాణం లేచివచ్చింది. కబడ్డీకీ ఏడుగురే కదా!

ఇంకొకటి చూసి ఆశ్చర్యపోయాను. పదిహేను మంది ఆటలో స్క్రమ్ అని ఉంటుంది. రెండు జట్ల ముందువాళ్లు తలలు దూర్చి, భుజం భుజం ఆనించి నెట్టుకుంటారు. మొదటి వరుసలోని ముగ్గురి మెడల మీద వెనకున్నవాళ్ల బలమంతా పడుతుంది. అందుకని, ఆ చోటుకు తగ్గ శిక్షణ లేనివాణ్ణి అక్కడ పెట్టకూడదని నియమాల్లోనే ఉంది. శిక్షణ ఉన్నవాడు దొరకకపోతే నెట్టుకోకుండానే స్క్రమ్ జరిపిస్తారు. తప్పు మనిషిని తప్పు చోట పెడితే ఓడిపోతామని మనకు తెలుసు. మెడ విరుగుతుందని ఆ ఆట ముందే ఆలోచించి పెట్టుకుంది.

మనం బళ్లలో ఎలా పెడతాం? ఒడ్డూ పొడుగూ చూసి. లావుగా ఉన్నవాడు మూలకు. సన్నగా, చురుగ్గా ఉన్నవాడు కూతకు. పొడుగ్గా ఉంటే వాలీబాల్ నెట్టు దగ్గరికి. ఫుట్‌బాల్ అయితే ఆలస్యంగా వచ్చినవాడు గోల్ కీపర్. ఒక్క సాయంత్రం, చీకటిపడేలోగా ఏడుగురినీ ఏడు చోట్ల నిలబెట్టేస్తాం. ఇక పదో తరగతి అయిపోయేదాకా వాడి చోటు అదే.

ఒకటి ఒప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లాడుండేవాడు. బొద్దుగా, తొడలు రోకళ్లలా ఉండేవి. చూసీ చూడగానే కుడిమూలలో పెట్టాను. మూడేళ్లు అక్కడే ఉన్నాడు. ఒకసారి జోనల్ ఆటల్లో ఎల్లారెడ్డితో మ్యాచి. కామారెడ్డికి, ఎల్లారెడ్డికి కబడ్డీ పడిందంటే లింగంపేట మీదుగా వచ్చే బస్సులన్నీ ఆ రోజు జనంతో కిక్కిరిసేవి, పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా రైడర్లు ముగ్గురూ ఔటై బయట కూర్చున్నారు. దిక్కులేక వాణ్ణి కూతకు పంపాను. పోయి ఇద్దర్ని తాకి వచ్చాడు. మళ్లీ పంపాను, మళ్లీ ఒకణ్ణి. అంత శరీరంతో నడుము అలా ఎలా తిప్పాడో! ఎదుటివాళ్లకు అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.

ఆ మ్యాచి గెలిచాం. తర్వాత నేనేం చేశాను? అదృష్టం అనుకున్నాను. రైడర్లు తిరిగి రాగానే వాణ్ణి మళ్లీ మూలకు పంపాను. పదో తరగతి అయ్యాక వాడు ఆడటం మానేశాడు. ఏళ్లు గడిచాక కామారెడ్డి బస్టాండులో కలిశాడు. పిల్లల్ని ఎత్తుకుని ఉన్నాడు. పాత ముచ్చట్లు అయ్యాక నవ్వుతూనే అన్నాడు: "నన్ను ఒక్కపారి అడిగితే అయిపోతుండె సారు. నాకు కూతకు పోవుడే ఇష్టముండె." వాడు నవ్వాడు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడేళ్లు రోజూ సాయంత్రం వాడి ముందే నిలబడ్డాను. ఒక్క మాట అడగలేదు.

అక్కడి నుంచే నాకు హైదరాబాద్ ఫుట్‌బాల్ కథలంటే పిచ్చి పట్టింది. పీటర్ తంగరాజ్ పేరు ఈ తరం వాళ్లకు తెలియకపోవచ్చు. మన హైదరాబాద్ మనిషి. సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, సైన్యంలో చేరాడు. మొదట్లో ఆయన ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే గోల్ కొట్టే చోట. తర్వాత గోల్ ఆపే చోటుకు మారాడు. ఆ చోటే ఆయన్ను ఆసియాలోనే పేరున్న గోల్ కీపర్‌ని చేసింది. మైదానంలో ఒక కొస నుంచి ఇంకో కొసకు మార్పు! ఆ మార్చినవాళ్లు ఆయన ఎత్తు ఒక్కటే చూసి ఉంటే మొదటిరోజే గోల్లో పెట్టేవాళ్లు.

ఆ కాలపు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఈమధ్య హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది కాబట్టి ఆయన పేరు మళ్లీ వినిపించింది. సినిమా చూసినవాళ్లు కూడా చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆయన బడిపంతులు. ఉస్మానియాలో చదివి, హైదరాబాద్ బళ్లలో పాఠాలు చెప్పి, వ్యాయామవిద్యలో డిప్లొమా చేసినవాడు. అంటే నా కులమే, డ్రిల్లు సార్ల కులం! 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచిలో దక్షిణ కొరియా మీద మనం 2-0తో ఓడిపోయాం. ఆ తర్వాత థాయిలాండ్ మ్యాచిలో వెనక కోటగోడలా నిలబడే జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే ఆయన్ను ఇంటికి పంపేవారు. రహీమ్ సాబ్ సెమీఫైనల్లో ఆయన్ను తీసుకెళ్లి ముందు, గోల్ కొట్టే చోట నిలబెట్టాడు. కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ అదే దక్షిణ కొరియా. జర్నైల్ మళ్లీ ముందే ఆడాడు, మళ్లీ గోల్ కొట్టాడు. 2-1తో బంగారు పతకం మనది. గోల్లో ఎవరున్నారనుకున్నారు? తంగరాజే. వెనకవాడు ముందుకు, ముందువాడు వెనక్కు మారిన ఇద్దరూ ఆ రోజు మైదానంలో ఉన్నారు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీమ్ సాబ్ మరుసటి ఏడాది జూన్‌లో పోయారు.

సరే, కోచ్ తెలివైనవాడైతే ఆటగాడు నోరు మూసుకుని చెప్పిన చోట నిలబడాలా? ఇక్కడే నాకు వి.వి.ఎస్. లక్ష్మణ్ గుర్తొస్తాడు. మధ్యలో ఆడే బ్యాట్స్‌మన్. మధ్యలో ఖాళీ లేదు, ఓపెనింగ్‌లో ఉంది. కాబట్టి ఓపెనర్‌ని చేశారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గానే దిగి ఆస్ట్రేలియా మీద 167 కొట్టాడు. అది చూసి ఎవరైనా ఏమంటారు? చోటు కుదిరింది అంటారు. నేనూ అన్నాను. ఆయన మాత్రం తాను ఓపెనర్‌ని కాదన్నాడు. ఇండియా జట్టులో చోటు పోయినా పర్వాలేదు, మధ్యలోనే ఆడతానన్నాడు. ఆ 1999-2000 రంజీ సీజన్లో హైదరాబాద్‌కు ఆడి 1415 పరుగులు చేశాడు. మరుసటి ఏడాది, 2001 మార్చి, కలకత్తా. ఆరో నంబరులో దిగి మొదటి ఇన్నింగ్స్‌లో 59 కొట్టాడు. 274 పరుగులు వెనకబడి ఫాలోఆన్ ఆడాల్సి వచ్చింది. అప్పుడు ఆయన్ను మూడుకు తెచ్చి, మూడులో ఆడే ద్రావిడ్‌ను ఆరుకు పంపారు. మూడులో 281, ఆరులో 180. మిగతాది మీకు నాకన్నా బాగా తెలుసు, ఆ రోజు మీలో సగం మంది బడి ఎగ్గొట్టారు.

ద్రావిడ్ గురించి మాత్రం మనం తక్కువ మాట్లాడుకుంటాం. తన చోటు ఇంకొకరికిచ్చి, కింద దిగి 180 కొట్టడం చిన్న సంగతా?

మన నిఖత్ జరీన్ సంగతి చూడండి. నిజామాబాద్ బిడ్డ. 2016 అక్టోబర్‌లో మన జిల్లా వేరుపడేదాకా మనదీ ఆ జిల్లాయే. మొదట పరుగు పందేలకు తయారైన పిల్ల. బాక్సింగ్‌కు మారింది. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ విజేత. ఒలింపిక్స్‌లో 50 కిలోలు ఉందని, ఒంట్లోంచి రెండు కిలోలు తీసేసి 2023లో ఢిల్లీలో ఆ బరువులోనూ ప్రపంచ విజేత అయింది. పారిస్‌లో పతకం రాలేదు, అది వేరే సంగతి. బాక్సింగ్‌లో నిలబడే చోటు ఉండదు, బరువే చోటు. ఆ చోటు కోసం తిండి దగ్గర ఆ పిల్ల ఎంత నోరు కట్టుకుని ఉంటుందో నేను ఊహించగలను.

ఇక మా అమ్మాయి దగ్గరికి వస్తాను. రెండు దినాల తర్వాత ఫోన్ చేసి, ఒకే పని చెప్పాను. "వచ్చే మూడు మ్యాచుల్ల లెక్క రాయి బిడ్డా. బంతి ఎన్నిసార్లు చేతికచ్చింది, ఎదుటి మనిషిని ఎన్నిసార్లు పట్టినవ్, పట్టినోళ్లల్ల ఎందరు పడ్డరు." నోట్‌బుక్కు పేజీ ఫొటో తీసి పంపింది. బంతి చేతికి వచ్చినవి ఒక చేతి వేళ్లకు సరిపోయాయి. పట్టినవాళ్లలో తప్పించుకున్నవాళ్లు దాదాపు లేరు. మూలలో నిలబడి నేర్చుకున్న విద్య. కింద వంగి కాళ్లకు చుట్టుకోవడం. ఆ పిల్ల వేగంగా పరుగెత్తుతుందని వాళ్ల కోచ్ అంచులో పెట్టాడు. ఆయన తప్పేం లేదు. పరుగు కంటికి కనబడుతుంది. పట్టు కనబడాలంటే ఎదుటి మనిషి దాని దగ్గరికి రావాలి.

"ఈ కాగితం మీ సారుకు చూపించు. కొట్లాడకు. చూపించి, ఒక్క మ్యాచి ముందువాళ్లల్ల ఆడిపియ్యమని అడుగు" అన్నాను. అడగడానికి వారం పట్టింది. ఆడపిల్లలకు మనం నేర్పే అణకువ ఇక్కడ అడ్డం పడింది, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. చివరికి అడిగింది. ఆయన మంచివాడు, రెండు మ్యాచుల్లో ముందు ఆడించాడు. "మోకాళ్లు రెండూ దోక్కపోయినయి సారు" అని ఫోన్‌లో నవ్వింది. అంత సంతోషంగా గాయాలు చెప్పినవాళ్లను నేను చూడలేదు.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాతి టోర్నమెంటులో వింగు అమ్మాయికి పరీక్షలొచ్చి రాలేదు. కోచ్ దీన్ని మళ్లీ అంచుకే పంపాడు. నాకు కోపం వచ్చింది. బస్టాండు రాత్రి గుర్తొచ్చి, కొంచెం గట్టిగానే మాట్లాడాను. ఆ పిల్లే నన్ను ఆపింది. "ఈసారి నన్నడిగి పెట్టిండు సారు. వేరేటోళ్లు లేరు. నేనే సరే అన్న."

నేను ఇంకేం మాట్లాడగలను?

సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి మా ఇంటికొచ్చింది. వెంట రగ్బీ బంతి తెచ్చింది. కోడిగుడ్డు ఆకారం. నేలకేసి కొడితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. నేను మూడుసార్లు పట్టబోయి మూడుసార్లూ వదిలేశాను. మా ఆవిడ వాకిట్లో నిలబడి నవ్వుతూనే ఉంది.

సమయం అయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. రేపు పొద్దున ఆరింటికి మన మైదానంలో పాత విద్యార్థుల కబడ్డీ ఉంది. జట్లు నన్నే వేయమన్నారు. ఎవరు ఎక్కడ ఆడతారో నేను రాయలేదు, కాగితం ఖాళీగానే తెచ్చాను. భోజనాల దగ్గర ఒక్కొక్కరూ వచ్చి చెప్పండి. ఆ వెనక వరుసలో, స్తంభం పక్కన కూర్చున్న మా కుడిమూల పెద్దమనిషి తల దించుకుంటున్నాడు. నువ్వే ముందు రా నాయనా.