ఎడపిల్ల ఆకలి



మత్స్యకార పల్లెల్లో పసిపిల్లల పోషణ గురించి మాట్లాడుకోవడానికి వైద్యులు, పరిశోధకులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, రచయితలు వచ్చారు.  చదవవలసిన పత్రాలు చాలా ఉన్నాయి. వాటి సమయాన్ని నేను మింగకూడదు కనుక ఒక్క మాట పట్టుకుని నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటాను. ఆ మాట ‘ఎడపిల్ల’.

చంకలో ఉన్నది చంటిపిల్ల. బడికి పోయేది పెద్దపిల్ల. ఆ ఇద్దరికీ నడుమ ఉన్నది ఎడపిల్ల. తల్లిపాలు ఒక్కటే చాలే వయసు దాటింది, ఇంటిల్లిపాదికీ వండిన కారపు కూర తినే వయసు ఇంకా రాలేదు. ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా సాగే ఈ సంధికాలంలోనే బిడ్డ ఎదుగుదల ఎక్కువగా దెబ్బతింటుంది.

వైద్యశాస్త్రం ఈ సంగతిని ఇంకో సముద్రం ఒడ్డున నేర్చుకుంది. 1930లలో గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు పనిచేసేవారు. కాళ్ళూ మొహమూ ఉబ్బి, జుట్టు రంగు మారి, చర్మం పొరలు లేచిన పిల్లల్ని ఆవిడ చూశారు. అక్రా తీరంలో ‘గా’ అనే భాష మాట్లాడే జనం ఉంటారు. చేపల వేట వారి పాత వృత్తుల్లో ఒకటి. ఆ భాషలో ఈ జబ్బు పేరు క్వాషియోర్కర్. తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు ముందు బిడ్డకు పట్టుకునే జబ్బు అని దాని అర్థం. 1935లో ఆవిడ ఆ పేరుతోనే లాన్సెట్ పత్రికలో వ్యాసం రాశారు. ప్రపంచంలోని వైద్య విద్యార్థులంతా ఈనాటికీ వల్లించే ఆ పేరు సముద్రపు ఒడ్డు జనం నోటిది. మన ఎడపిల్లే అక్కడా ఉంది.

ఇక మన తీరానికి వద్దాం. చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పిల్లలకు పోషకాహార లోపమేమిటని మెరక ఊళ్ళవాళ్ళు అడుగుతుంటారు. ఒడ్డున ఒక్క తెల్లవారుజాము నిలబడితే జవాబు దొరుకుతుంది. పడవ ఒడ్డు తగలగానే వేలంపాట మొదలవుతుంది. వంజరం, చందువా, రొయ్య సావుకారు తక్కెడలోకి పోతాయి. వలకూ ఇంజనుకూ ఆయన దగ్గర తెచ్చిన బాకీ ఉంటే ధర చెప్పేదీ ఆయనే. మిగిలిన చేపను తల్లి గంపకెత్తుకుని ఊళ్ళమీద పడుతుంది. ఏడాది బిడ్డ ఏడెనిమిదేళ్ళ అక్క చంకకు చేరుతుంది. ఆ అక్కకు తెలిసిన వంట టీలో ముంచిన బిస్కట్టు. తల్లి తిరిగొచ్చి పొయ్యి రాజేసేసరికి మధ్యాహ్నం దాటుతుంది. వండింది పులుసు. అందులో కారమూ ముళ్ళూ ఉన్నాయని ఎడపిల్లకు చారునీళ్ళ అన్నమే పెడతారు.

ఈ వయసు బిడ్డకు చిన్న కడుపు. తల్లిపాలకు తోడు వయసును బట్టి రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా, చిక్కగా కలిపిన ముద్ద పడాలి. దానికి డబ్బుతోపాటు ఒక మనిషి ఓపికా కావాలి. బెస్తవాడలో కరువైంది ఆ రెండోది. మందలించడానికి తల్లి దొరుకుతుంది గనక మనం తల్లిని మందలిస్తాం. ఆవిడ గంప దించితే ఇంట్లో పొయ్యి వెలగదన్న సంగతి మన కరపత్రాల్లో ఉండదు.

చిన్నచేపల కథ మరీ అన్యాయం. నెత్తళ్ళు, చిన్న కవళ్ళు ముల్లుతో సహా నమిలి తినే చేపలు. మాంసకృత్తులతోపాటు ఎముకకు కావలసిన కాల్షియమూ వాటిలోనే ఉంది. ఒకప్పుడు అమ్ముడుపోని చేపగా ఇంటికి మిగిలేవి. ఇప్పుడు ఎండబెట్టి కోళ్ళకూ రొయ్యలకూ మేత తయారుచేసే మిల్లులకు తోలుతున్నారు. ఒడ్డున పడ్డ చేప కోడి కడుపులోకి చేరి, కోడిగుడ్డయి, అంగన్‌వాడీ మెట్లెక్కి ఎడపిల్ల దగ్గరకు తిరిగి రావలసి వస్తోంది.

ఈ ఆకలికి పంచాంగం కూడా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషిద్ధం. చేప గుడ్డు పెట్టి పెరగడానికి ఆ విరామం ఉండవలసిందే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ కాలానికిచ్చే భృతి 2019లో 10,000 రూపాయలయింది, 2025లో 20,000కు పెరిగింది. 61తో భాగిస్తే రోజుకు సుమారు 328 రూపాయలు, ఇంటిల్లిపాదికీ. బాకీ వడ్డీ పోగా ఎడపిల్ల గిన్నెలోకి ఎంత వస్తుందో మీరే లెక్క వేయండి.

ఈ ఆకలికి తండ్రి దూరమూ తోడవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల మగవాళ్ళు గుజరాత్‌లోని వీరావల్‌కు బోటు కూలీకి పోతారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళలో కొందరు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇంటికి వచ్చారు. వాళ్ళ కథ సినిమా కూడా అయింది. ఆ పదమూడు నెలల పైచిలుకు కాలంలో ఇళ్ళ దగ్గర పసిపిల్లలు ఏం తిన్నారో ఎవరమూ అడగలేదు. ఎడపిల్ల వయసులో అది దాదాపు ముప్పాతిక భాగం!

లెక్కలకు వద్దాం. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకుముందు సర్వేలో ఆ అంకె 31.4. నడుమ ఎన్ని పథకాలు నడిచాయో మీకు తెలుసు, తగ్గింది 0.2. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత 58.6 నుంచి 63.2 శాతానికి పెరిగింది. ఇందులో బెస్తవాడ ఎడపిల్ల వాటా ఎంత? చెప్పలేం. జాలరి, వాడబలిజ, పల్లె, అగ్నికుల క్షత్రియ కులాలన్నీ మన రాష్ట్రంలో బీసీ-ఎ. జాతీయ సర్వే నివేదికలో అవి ఇతర వెనుకబడిన తరగతులన్న పెద్ద గంపలో కలిసిపోతాయి. అక్కడా మన బిడ్డ మరుగున పడే ఉంది.

“మా వంశమే పొట్టిదండీ” అంటారు తల్లులు. నమ్మవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల పిల్లల్ని కొలిచి 2006లో ఎదుగుదల ప్రమాణాలు ప్రకటించింది. తిండి, ఆరోగ్యం సరిగా అందిన బిడ్డలు ఢిల్లీలోనూ ఓస్లోలోనూ ఒకేలా పెరిగారు. కొలిచిన ఆ ఆరు చోట్లలో అక్రా కూడా ఉంది. క్వాషియోర్కర్ అన్న పేరు పుట్టిన చోటే!

అందువల్ల సదస్సు ముందు మూడు పనులు పెడుతున్నాను. మొదటిది కొలత. 11.5, 12.5 సెంటీమీటర్ల దగ్గర రంగు మారే జబ్బకొలత టేపు మీ సంచుల్లో ఉంది. వేట జోరుగా సాగే రోజుల్లో ఒకసారి, నిషేధం నడుమ మే నెలలో ఒకసారి అదే పిల్లల్ని కొలవండి. తేడా తేలితే ప్రభుత్వాన్ని అడగడానికి ఆధారం దొరుకుతుంది. రెండోది వేళ. అంగన్‌వాడీ పొద్దెక్కాక తెరుచుకుంటుంది, తల్లి చీకటితోనే పోతుంది. ఒడ్డు పల్లెల్లో పిల్లల్ని చూసే కేంద్రం పడవ వేళకు తెరవాలి. మూడోది నెత్తళ్ళు. శుభ్రమైన చోట, ఉప్పు వేయకుండా ఎండబెట్టి, మెత్తగా దంచి, అన్నంలోనో అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలోనో కలిపి పెట్టడం కష్టమేమీ కాదు. ఆ పొడి కొట్టే పని మహిళా సంఘాలకే అప్పగిస్తే చేపా డబ్బూ రెండూ పల్లెలోనే నిలుస్తాయి. మంచినీళ్ళు, మరుగుదొడ్లు లేకపోతే తిన్నది విరేచనాల పాలవుతుంది కనుక వాటి మాట పత్రాల్లో వివరంగా వినబోతున్నాం.

రచయిత మిత్రులకు ఒక మనవి. సముద్రం మీద తుపానునూ పడవ నడిపించే తండేలు తెగువనూ రాశారు, సంతోషం. ఈసారి పల్లెకు పోయినప్పుడు పడవ దగ్గర ఆగకుండా ఇంటి అరుగు దాకా నడవండి. తల్లి గంప ఎత్తుకున్న వేళకు ఎడపిల్ల ఎవరి చేతిలో ఉందో, ఆ చేతిలో ఏ ముద్ద ఉందో చూసి రాసుకు రండి. శాస్త్రవేత్తల పట్టికలకు ఆ వాక్యం అవసరం ఉంది.