చిల్లు గిన్నె

స్టీలు సామాను మన వంటిళ్లలోకి వచ్చాక రాగీ, ఇత్తడీ, కంచూ ఎటు పోయాయో అందరికీ తెలిసిందే. గంగాళాలు, గుండిగలు, మరచెంబులు – అమ్మమ్మలు పేర్లు కొట్టించి మరీ కూతుళ్లకిచ్చిన సామాను తూకానికి పోయింది. బదులుగా తళతళలాడే టిఫిను డబ్బాలు వచ్చాయి. అందుకు ఎవర్నీ తప్పుపట్టను. చింతపండు పెట్టి తోమి తోమి అరిగిన చేతులు మనవి. రెండు గదుల అద్దె ఇంట్లో అరవైమందికి వండే గుండిగ ఎక్కడ పెట్టుకుంటాం చెప్పండి? అయితే త్రాసులో వేసే ముందు, "ఇది దేనికి వాడేవారండీ?" అని ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కమాట అడగండి. ఎందుకంటున్నానో చెబుతాను.

కోనసీమలో మా అత్తవారి పాత ఇల్లు అమ్మినప్పుడు అటకమీద సామాను దించి పంచుకున్నాం. పంపకాలంటే మీకు తెలుసుగా, పెద్దవి పెద్దవాళ్లకు, మిగిలినవి కడగొట్టు కోడలికి. నా వాటాకి వచ్చినవాటిలో ఒక పాత గుడ్డమూట ఉంది. విప్పితే పల్చటి రాగి గిన్నె ఒకటి, గుప్పెడు గవ్వలు. గిన్నె మూతి అయిదంగుళాలకు మించదు. సగం కోసిన కొబ్బరికాయలా గుండ్రంగా ఉంది. అడుగున కుదురు లేదు, నేలమీద పెడితే ఒక పక్కకు ఒరుగుతుంది. అడుగున నట్టనడుమ సూదిమొన దూరేంత చిల్లు.

చూసినవాళ్లంతా తలొక మాటా అన్నారు. మా పెద్ద తోటికోడలు, "చిల్లు గిన్నె, పారెయ్యవే" అంది. మాటు వేసే అతను, "చిటికెలో పూడుస్తానమ్మా" అని సామాను దించబోయాడు. పాత్రల దుకాణంలో తూచి, దీనికి ఒక గరిటె వస్తుందన్నారు. పక్కింటి పిన్నిగారు మాత్రం, "శివుడికి అభిషేకం చేసే ధారాపాత్రేమో, అమ్మకు" అన్నారు. ఆ మాట కొట్టిపారేయడానికి వీల్లేదు. ధారాపాత్రకూ అడుగున చిల్లు ఉంటుంది. కాని దాన్ని లింగం పైన వేలాడదీయాలి కదా, గొలుసుకో కొక్కేనికో ఆధారం ఉండాలి. దీనికి చెవులూ లేవు, అంచున బెజ్జాలూ లేవు.

నేను చదివింది మెట్రిక్ వరకే. అయినా ఇరవై ఏళ్లకు పైగా గిన్నెలు తోమిన అనుభవం ఉంది. తుప్పు తిని పడ్డ చిల్లు అయితే అంచులు వంకరటింకరగా ఉంటాయి. దీని అంచు వేలికి నున్నగా తగులుతోంది. వాడి వాడి పడిన చిల్లు సరిగ్గా నడుమనే ఎందుకు పడుతుంది? వెలుపల మసి మరక లేదు, అంటే పొయ్యి ఎక్కలేదు. లోపల కళాయి ఆనవాలు లేదు, అంటే పులుపూ పప్పూ ఎరగదు. ఎవరో కావాలని పెట్టిన చిల్లు అది.

చెప్పగలిగింది ఒక్కరే – మా మామగారి అక్కగారు. అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి, చూపు ఆనదు. గిన్నె చేతికిస్తే అడుగున వేలు పెట్టి తడిమి, "గడియకుడుక! ఇది ఇంకా ఉందిటే అమ్మాయ్!" అన్నారు.

గడియ అంటే 24 నిమిషాలు. అలాంటివి 60 అయితే ఒక పగలూ రాత్రీ. గడియలో అరవయ్యో వంతు విగడియ. ఇప్పటికీ మన పంచాంగాల్లో ఈ లెక్క కనిపిస్తుంది. గడియారం అన్న మాటా ఆ గడియలోంచి వచ్చిందే. గోడ గడియారాలు లేని రోజుల్లో వెడల్పాటి పాత్రలో నీళ్లు పోసి, ఈ ఖాళీ గిన్నెను మీద తేలవేసేవారు. చిల్లులోంచి నీరు సన్నటి దారంలా లోపలికి ఎక్కుతూ, గిన్నె నిండగానే బుడుంగున మునిగిపోతుంది. అదే గడియ. తీసి నీళ్లు వంచి మళ్లీ తేలవెయ్యాలి. సూర్యసిద్ధాంతంలోనే ఈ రాగి గిన్నె సంగతి ఉంది, రోజుకు అరవైసార్లు మునగాలని. కోటల్లో, పెద్ద పట్టణాల్లో గడియ గడియకూ కంచు పళ్లెం మీద కొట్టి ఊరందరికీ వినిపించేవారు. బాబరు చక్రవర్తి ఈ దేశానికి వచ్చినప్పుడు ఆ పద్ధతి చూసి తన స్వీయచరిత్రలో వివరంగా రాసుకున్నాడు. మన తెలుగువారైన శ్రీరాముల రాజేశ్వర శర్మగారు ఇలాంటి పాత ఖగోళ పరికరాలను ఎక్కడెక్కడి మ్యూజియముల్లోనో వెతికి, వాటి వివరాలన్నీ గ్రంథస్థం చేశారు.

అత్తయ్యగారి మాట నమ్మకపోవడం కాదుగాని, చూడాలనిపించింది. బిందెలో నీళ్లు పోసి, మా వారి చేతి గడియారం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. 31 నిమిషాలు పట్టింది. లెక్క కుదరలేదు. మర్నాడు గిన్నెను రాత్రంతా నానబెట్టి, మెత్తటి చీపురుపుల్ల కొసతో చిల్లులో మట్టి మాత్రం తీశాను. ఈసారి 24 నిమిషాలకు కొంచెం తక్కువలో మునిగింది. మీ ఇంట్లో ఇలాంటిది దొరికితే సూదీ మేకూ మాత్రం పెట్టకండి. చిల్లు పెద్దదైతే కాలం తొందరపడుతుంది! నీళ్లు వడకట్టినవి కావాలి. చన్నీళ్లకూ గోరువెచ్చని నీళ్లకూ కూడా కాస్త తేడా వస్తుంది.

ఆ మట్టి చూశాక లీలావతి కథ గుర్తొచ్చింది. భాస్కరాచార్యులవారి కూతురు లీలావతి పెళ్లినాడు గడియ గిన్నెలోకి తొంగిచూస్తే, నగలోని ముత్యం జారి చిల్లుకు అడ్డుపడిందట, ముహూర్తం దాటిపోయిందట. 1587లో ఫైజీ ఆ గ్రంథాన్ని పారశీకంలోకి మార్చినప్పుడు ఈ కథ చెప్పాడు. కథను కథగానే తీసుకుందాం. భాస్కరుడు నిజంగా చెప్పింది నాకు ఇంకా నచ్చింది. నీ గిన్నె పగలూ రాత్రీ కలిపి ఎన్నిసార్లు మునుగుతుందో లెక్కపెట్టు, రోజును అన్నిట పెట్టి భాగించు, అదే నీ గిన్నె కొలత అన్నాడాయన. మన వంటింటి తర్కమే కదండీ! సోల కాస్త చిన్నదైతే ఏం, ఎన్ని సోలలో తెలిస్తే సరి.

ఇంతకీ ఈ గిన్నె మా ఇంట్లో ఎందుకుంది? మా వారి ముత్తాతగారు ఊరికి పంచాంగం చెప్పేవారు. ఊళ్లో ఎవరింట పెళ్లయినా ముహూర్తం ఈ గిన్నెతోనే. సూర్యోదయం నుంచి 42 గడియలకు ముహూర్తం అనుకోండి. ఆరు గంటలకు పొద్దు పొడిస్తే రాత్రి 10 గంటల 48 నిమిషాలు. అంతసేపూ ఎవరో ఒకరు కన్నార్పకుండా గిన్నె దగ్గర కూర్చోవాలి. ముత్తాతగారు పందిట్లో ఉండాలాయె. మరి కూర్చున్నది ఎవరు?

"మా మేనత్త" అన్నారు అత్తయ్యగారు. పదకొండో ఏట భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. శుభకార్యాల్లో ఎవరికీ ఎదురు పడకూడదు, గొంతు కూడా వినిపించకూడదు. అందుకని దొడ్డివైపు వసారాలో గోలెం ముందు కూర్చుని, గిన్నె మునిగినప్పుడల్లా ఒక గవ్వ ఇటునుంచి అటు జరిపేదిట. లెక్క చెప్పడానికి పిల్లల్ని పందిట్లోకి పరుగెత్తించేది. ఆ పరుగెత్తిన పిల్లల్లో అత్తయ్యగారూ ఒకరు. "ఆవిడ గవ్వ జరిపితేగాని ఊళ్లో తాళి కట్టలేదే" అన్నారు. ఆవిడ పెళ్లి ముహూర్తం కూడా ఇదే గిన్నె చెప్పిందిట. ఆ మాట అన్నాక చాలాసేపు గిన్నె ఒళ్లో పెట్టుకుని మాట్లాడలేదు.

ఆవిడ ఫోటో ఒక్కటి లేదు. వంశవృక్షంలో పేరు రాయలేదు. అత్తయ్యగారిని అడిగి ఆ పేరు ఒక చీటీ మీద రాసి గిన్నెలో పెట్టాను.

పెద్ద తోటికోడలు, "ఆ గిన్నె అందరిదీనూ" అని ఇప్పుడు అంటోంది. అననివ్వండి. దుకాణంవాళ్ల గరిటె మాత్రం నాకు అక్కర్లేదు.

గవ్వలు లెక్కపెడితే 57 ఉన్నాయి. మూడు తగ్గాయేమిటండీ అని అడిగాను. "ఇంకెవరు, మీ మామగారే! గవ్వలాటకు పట్టుకుపోయాడు. ఆ పూట మా మేనత్త మూడు చింతగింజలు పెట్టుకుని లెక్క నడిపించింది" అన్నారు అత్తయ్యగారు.