వైద్య బీమా మాటలు మనమే నేర్చుకుందాం
(అడ్డతీగల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పంట బీమా మనకు ఒక పాఠం నేర్పింది. సాధారణంగా మన చేను ఒక్కటీ దెబ్బతింటే చాలదు, బీమా యూనిట్ మొత్తం మీద దిగుబడి తగ్గితేనే పరిహారం. ‘యూనిట్’ అనే ఆ ఒక్క మాట తెలియక ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగామో మనకు తెలుసు. వైద్య బీమాలోనూ అలాంటి మాటలే ఉన్నాయి.

మా ఊరి రైతు ఒకాయన జీలుగు చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. కార్డు చూశారు, చేర్చుకున్నారు. తర్వాత “లోపల వేసే రాడ్డుకు వేరే కట్టాలి” అన్నారు. ఆయన జీడిపిక్కల మీద సావుకారు దగ్గర బయానా తెచ్చి ఇరవై వేలు కట్టాడు. రాడ్డు ఖర్చు కూడా ప్యాకేజీలోదే అని మాకు తర్వాత తెలిసింది. చేతిలో రసీదు లేదు. డబ్బు తిరిగి రాలేదు.

అందుకే ఈ మాటలు వినండి.

నెట్‌వర్క్ ఆసుపత్రి: పథకంతో ఒప్పందం చేసుకున్న ఆసుపత్రి. కాకినాడ జీజీహెచ్ లాంటి సర్కారు ఆసుపత్రులూ ఇందులో ఉన్నాయి. ఆసుపత్రికి ఒప్పందం ఉంటే చాలదు, మన జబ్బు విభాగానికి ఉందా అని అడగాలి.

ప్యాకేజీ: ఒక్కో చికిత్సకు ముందే కట్టిన ధర. పరీక్షలు, మందులు, ఆపరేషన్, భోజనం, ఇంటికి తిరిగొచ్చే చార్జీ అందులోవే.

ప్రీ ఆథరైజేషన్: చికిత్సకు ముందు ఆసుపత్రి తెచ్చుకోవాల్సిన అనుమతి. ప్రాణం మీదికొస్తే ఫోన్ మీదే అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే వీలుంది. “అనుమతి రాలేదు” అంటే కారణం కాగితం మీద అడుగుదాం.

క్లెయిమ్: వైద్యం చేశాక ఆసుపత్రి పెట్టుకునే బిల్లు. ఆ బకాయి ఆలస్యమైతే అది సర్కారుకూ ఆసుపత్రికీ మధ్య తగువు. కానీ గేటు మూసేది మాత్రం మన ముందే.

ప్రీమియం: మన తరఫున సర్కారు బీమా కంపెనీకి కట్టే సొమ్ము. క్లెయిములు ఎంత తగ్గితే కంపెనీకి అంత మిగులు. మనం కన్ను వేసి ఉంచాల్సింది ఇక్కడే.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు బీమా కంపెనీయే నడిపింది. తర్వాత ట్రస్టు నేరుగా చేపట్టింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం మళ్లీ బీమాను తెచ్చే విధానానికి ఆమోదం తెలిపింది. రూ.2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన రూ.25 లక్షల వరకు ట్రస్టు భరించాలన్నది ఆ విధానం. ఒప్పందం మీద సంతకాలు చేసేది వాళ్లు. రోగంతో మంచం మీద ఉండేది మనం.

కాబట్టి మన సంఘం డిమాండ్లు ఇవి. ఒప్పందంలోని షరతులు తెలుగులో ప్రతి సచివాలయంలో అంటించాలి. అనుమతి నిరాకరిస్తే కారణం రాసివ్వాలి. ఆసుపత్రుల బకాయిలు గడువులోపు చెల్లించాలి. మన్యం నుంచి వెళ్లే రోగులకు మన భాష తెలిసిన ఆరోగ్యమిత్ర ఉండాలి.

ఇక మన పని. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ముందు ఆరోగ్యమిత్రను కలుద్దాం. ఎవరు డబ్బు అడిగినా “ప్యాకేజీలో లేదా?” అని అడుగుదాం. రసీదు లేకుండా రూపాయి ఇవ్వొద్దు. అక్కడికక్కడే 104కు ఫోన్ చేద్దాం, సంఘానికి కబురు పెడదాం. రోగి వెంట ఒక్కరుంటే బెదిరిస్తారు, నలుగురుంటే సమాధానం చెబుతారు.