ఫీజు సాయానికి దరఖాస్తు పెట్టారా?

మన ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవలేదు. సీటు వచ్చాక ఫీజు మాటెత్తగానే ఇంట్లో గుబులు మొదలవుతుంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ తెలంగాణలోనూ కొనసాగింది. ఇంటర్, డిగ్రీ పిల్లలకూ ఉంది. దరఖాస్తు ఈపాస్ వెబ్‌సైట్‌లో పెట్టుకోవాలి.

బీసీ కుటుంబాల ఏడాది ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు దాటకూడదు. ఇంజనీరింగ్‌లో మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఈ సాయం రాదు. చేరకముందే ఈ సంగతి గట్టిగా అడగండి.

ఎక్కువమంది ఆగిపోయేది కాగితాల దగ్గరే. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవలో ముందే తీసుకోండి. ఆధార్‌లోనూ టెన్త్ మెమోలోనూ పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. ఆన్‌లైన్‌లో నింపగానే పనైపోయిందనుకోవద్దు. మీసేవలో వేలిముద్ర వేయాలి, ప్రింటూ జత కాగితాలూ కాలేజీలో ఇవ్వాలి. కాలేజీ సరిచూసి పంపితేనే అది సంక్షేమ శాఖకు చేరుతుంది. ఏటా రెన్యువల్ చేయించాలి, హాజరు 75 శాతానికి తగ్గకూడదు.

డబ్బు విడుదల ఆలస్యమవుతున్న మాట నిజమే. అయినా దరఖాస్తే పెట్టకపోతే అడిగే హక్కు కూడా ఉండదు. మీ వీధిలో తొలిసారి కాలేజీ గడప తొక్కుతున్న పిల్లలుంటే, గడువు తేదీ చూసి ఈ వారమే వాళ్ల చేత దరఖాస్తు పెట్టించండి.