కోతపండుగ విందు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రంథపఠనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను గ్రంథముతో నారంభించి భోజనములోనికి పోవుచున్నాను. క్షమింపవలెను.

ఈ గ్రంథాలయమున నేను పలుమాఱులు చదివిన పుస్తకము పల్నాటి వీరచరిత్రము. మన సీమ కథ గదా! పన్నెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు సకల కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టించెనని ప్రతీతి. అదియే చాపకూడు. కార్తీకమాసమున కారెంపూడిలో జరుగు వీరారాధనోత్సవములందు అది నేటికిని నడచుచున్నది. మూడేండ్ల క్రిందట ఒక సాయంకాలము ఈ అరుగుమీదనే ఆ ఘట్టము చదివి, గంటసేపు వ్యాఖ్యానించితిని. అందఱు చప్పట్లు కొట్టిరి. అంతట చర్చిపేట చిన్నవాడొకడు లేచి, "కరణంగారూ, చాపకూడు గురించి చాలా బాగా చెప్పారు. మరి మా కోతపండగనాడు పద్దు రాసి, భోజనాల వేళకి వెళ్ళిపోతారేమండీ?" అని యడిగెను.

నాకు సమాధానము తోచలేదు.

కోతపండుగ నెఱుగనివారికి కొంత చెప్పవలెను. లూథరను మిషనరీ హెయ్యరు దొర 1842లో గుంటూరు చేరి, పిదప పల్నాటి గురజాలలో పనిచేసెను. ఆ పరంపరలో వెలసిన సంఘములందు పంట చేతికి వచ్చిన పిమ్మట ప్రథమఫలములు దేవుని కర్పించు పండుగ యిది. వడ్లు, మిరపకాయలు, పత్తి, గుమ్మడికాయలు, గ్రుడ్లు, కాళ్ళు కట్టిన కోళ్ళు బలిపీఠము ముందు చేరును. ప్రార్థన యైన వెనుక అన్నియు వేలము వేయుదురు. ఒకడు గ్రుడ్డును నూఱు రూపాయలకు పాడి, మరల సంఘమునకే యిచ్చివేయును. దానినే మరియొకడు పాడును. వచ్చిన సొమ్ము చర్చి ఖర్చులకు. పిమ్మట అందఱకు కోడికూరతో భోజనము.

గ్రామ కరణీకములు 1984లో రద్దయి మా తండ్రిగారి యుద్యోగము పోయినను, పిలుపు మాత్రము నాకు సంక్రమించినది. దాని పుణ్యమున వేలము పద్దు వ్రాయుటకు పదునొకండేండ్లు నన్నే పిలిచిరి. పద్దు ముగియగానే యేదో యొక నెపము చెప్పి లేచుచుంటిని. పొలమున కూలీలున్నారనియు, కడుపు బాగులేదనియు, బంధువులు వచ్చిరనియు ఏటికొక నెపము. వారును నొచ్చుకొనక సంచిలో కొబ్బరికాయయు అరటిపండ్లును వేసి పంపుచుండిరి. మాది మాంసము తినని యిల్లు కాదు. ఆదివారము కోడికూర లేనిదే నాకు ముద్ద దిగదు. కనుక ఆ కూర నేల తినలేదో నాకు తెలియును. వండిన చేతులను బట్టి తినలేదు.

ఆ యేటి పండుగకు ఆ చిన్నవాని నాయనమ్మ ఒక నల్లపెట్టను తెచ్చినది. కోక అంచు చింపి దాని కాళ్ళకు కట్టినది. దానిని మూడుమాఱులు వేలము వేసిరి; కడపట పాడినవారు వంటకే యిచ్చివేసిరి. కోడిపందెము మూలమున పల్నాడు చీలి, కారెంపూడి రణరంగమున నాశమైనదని చదివిన నేను ఆ కోడిపద్దు వ్రాసి, కలము మూసి, వేపచెట్టు క్రింద పఱచిన పట్టామీద పంక్తిలో కూర్చొంటిని. నా ప్రక్కవారు మర్యాదకై జానెడు దూరము జరిగిరి. ఆ జానెడు నాకు మిక్కిలి బాధ కలిగించినది. నేనే జరిగి దగ్గఱగా కూర్చొంటిని.

నాటుకోడి గదా, నిదానముగా ఉడికినది. అల్లము, వెల్లుల్లి, గసగసాలు, ఎండుకొబ్బరి, దానిపై మన పల్నాటి కారము. ముసలమ్మ వచ్చి నా విస్తరిముందు నిలిచి, "మా నల్లపెట్ట ఎట్టా ఉందయ్యా?" అని యడిగినది. "బాగుందమ్మా. కారం కాస్త ఎక్కువైంది" అని కన్నులు తుడుచుకొంటిని. "పల్నాటోళ్ళకి కారం ఎక్కువేందయ్యా!" అని ఆమె నవ్వినది. కారమనుట నా పండ్రెండవ నెపము.

భోజనానంతరము పాస్టరుగారు ఒక సంగతి చెప్పిరి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలసి భుజించుచుండి, యాకోబు యొద్దనుండి కొందఱు రాగానే జంకి వెనుకకు తీసెనట. పౌలు అందఱి యెదుట అతనిని మందలించెనట. మరునాడు ఈ గ్రంథాలయమునకు వచ్చి బైబిలు తీసి చూచితిని. గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయమున ఆ సంగతి యున్నది. అపొస్తలునికే అంత జంకు కలిగినదని చదివి కొంత ఊరట చెందితిని. పౌలు మాటలు చదివినపుడు ఆ ఊరట నిలువలేదు.

ఆనాడు ఇంటికి పోగా మా యింటిది, "విస్తరి వెయ్యనా?" అని యడిగినది. తిని వచ్చితినంటిని. ఆమె మారు పలుకలేదు. రెండవ యేట తానును బయలుదేరినది.

అయినను నా పద్దులో ఒక బాకీ యున్నది. మూడేండ్లుగా వారి విస్తరిలో నేను తినుచున్నాను. మా యింటి పంక్తిలో వారి నింతవఱకు కూర్చుండబెట్టలేదు. పెద్దలేమందురో యని ఒక యేడు, చుట్టములున్నారని ఒక యేడు గడపితిని. ఆ చిన్నవాడు వెనుకవరుసలో నున్నాడు. నాయనా, కనుమనాడు మా యింట కోడికూరయే. మీ నాయనమ్మను వెంటబెట్టుకొని భోజనమునకు రావలెనని ఈ నలుగురి యెదుట పిలుచుచున్నాను. కారము ఆమె చెప్పినంత వేయింతుము.